గరిటమ్మ నాలుక

పాలు పొంగి, మాడి, గిన్నె అడుగంటి, ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే, ఆ పొయ్యికి రెండడుగుల దూరంలో వీపు తిప్పి కూచుని బఠాణీలు ఒలుచుకుంటున్న మనిషికి ఆ సంగతే తెలియలేదంటే ఎవరైనా నమ్ముతారా? పైగా ఆవిడేమన్నా వంటింటి గడప తొక్కని మనిషా? ముప్ఫై ఏళ్ళుగా ఒక బడి వంటశాలలో రోజూ నాలుగువందల మంది పిల్లలకు వండి పెడుతున్న మనిషి.

"అమ్మమ్మా! పాలు!" అంటూ మనవరాలు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. కిటికీలు బార్లా తెరిచింది. "ఇంత కంపు కొడుతుంటే ఎలా కూచున్నావు నువ్వు?"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. గిన్నె నల్లగా బొగ్గయిపోయి ఉంది. పొగ కళ్ళకు కనిపిస్తోంది. ముక్కుకు మాత్రం ఏమీ తెలియడం లేదు. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, అంతే.

"జలుబే," అంది. జలుబూ జ్వరమూ తగ్గి అప్పటికి పది రోజులు.

మనవరాలు బడికి వెళ్ళాక, జ్వరానికి పెట్టిన సెలవు ఇంకా మిగిలున్న ఆవిడ తలుపు గడియ పెట్టింది. నిమ్మకాయ కోసి నాలుక మీద పిండుకుంది. తడి తగిలింది, పులుపు తగల్లేదు. చెంచాడు పంచదార, ఆ తర్వాత చెంచాడు ఉప్పు. రెండూ ఇసుకే. వెనిగర్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది, లోపల ఎక్కడో మంట తప్ప వాసన లేదు. ఆఖరికి పచ్చిమిరపకాయ కొరికింది. చుర్రుమంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ మంటకైతే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది గానీ, మంట వేరు, రుచి వేరు. ఆ సంగతి ఆవిడకు ఒకరు చెప్పాలా?

ఇక్కడ ఆవిడ గురించి రెండు ముక్కలు చెప్పాలి. అసలు పేరు బడి రిజిస్టరులో ఎక్కడో ఉంటుంది. పిల్లలకూ, పంతుళ్ళకూ, చివరికి పెద్ద మేడానికి కూడా ఆవిడ గరిటమ్మే. ఎందుకంటే ఆ వంటశాలలో ఒక పద్ధతి ఉంది. వంట దిగగానే గరిటమ్మ ఒక చెంచాడు నోట్లో వేసుకుంటుంది. కళ్ళు మూసుకుంటుంది. ఒక్క క్షణం. ఆపైన మూరెడు పొడవు గరిట ఎత్తి మూత మీద ఠంగు ఠంగుమని రెండు దెబ్బలు కొడుతుంది. ఆ రెండు దెబ్బలు పడేదాకా ఎవ్వరూ ఒక్క మెతుకు ముట్టుకోవడానికి వీల్లేదు. అవి మోగాయంటే పంతుళ్ళు చెప్పే పాఠం సగంలో ఆగిపోవలసిందే. ఒకసారి ఎవరో పెద్ద అధికారి వచ్చి, దెబ్బలు పడకముందే ముక్క నోట్లో వేసుకోబోతే, చేతిలో పళ్ళెం లాక్కుందీ మనిషి!

ఇంకో విడ్డూరం. వంటశాలలో ఒక్క డబ్బా మీదా పేరు రాయనివ్వదు. ఉప్పు, పంచదార, వంటసోడా, జిడ్డు గిన్నెలు తోమే సోడా, అన్నీ ఒకే రకం రేకు డబ్బాలు. "చీటీలంటిద్దామండీ" అని ఎవరైనా అంటే గయ్యిమనేది. "చీటీలు ఊడిపోతాయి. నా నాలుక ఎక్కడికీ ఊడిపోదు," అనేది. డబ్బా దించడం, చిటికెడు నాలుక మీద వేసుకోవడం, ఇదే ఆవిడ చదువు.

అలాంటి నాలుక ఊడిపోయినంత పనైంది. ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ నోరు తెరవమంది, ముక్కులో దీపం వేసి చూసింది. "జ్వరం తర్వాత కొందరికి ఇలా పోతుందమ్మా. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు," అంది. గరిటమ్మ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. ఎవరికీ చెప్పలేదు. బస్సు కండక్టరుగా చేస్తున్న కూతురికి చెప్పలేదు, పక్కలో పడుకునే మనవరాలికి చెప్పలేదు. రుచి తెలియని వంటమనిషిని ఎవరుంచుకుంటారు? గరిట చేతిలోంచి పోతే తనను ఏమని పిలుస్తారు?

మరి ఎలా నెట్టుకొచ్చింది? లెక్కతో. ఇన్ని నీళ్ళకు ఇన్ని చెంచాలు, ఇన్ని దుంపలకు ఇంత మిరియం. ముప్ఫై ఏళ్ళ చెయ్యి, అంత తేలిగ్గా దారి మరిచిపోదు. ఉప్పు దగ్గర మాత్రం భయం. మొదటివారంలో ఒకరోజు వేశానో లేదో అన్న అనుమానంతో రెండుసార్లు వేస్తే పిల్లలు కుండలకొద్దీ నీళ్ళు తాగారు. అప్పటినుంచి కొలత తప్పకుండా ఒకే గుంటగరిటె నిండుగా కాకుండా, తలకొట్టి వేసేది. ఆపైన చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఏమీ తెలియని ఆ ఒక్క క్షణం బొమ్మలా నిలబడి, మూత మీద రెండు దెబ్బలు కొట్టేసేది. ఏడు నెలలు గడిచాయి. ఒక్క పిల్లా పళ్ళెం వదల్లేదు. ఒక్క పంతులూ మొహం చిట్లించలేదు. చూశారా నా చేతి లెక్క అని ఆవిడకు లోలోపల గర్వం కూడా పుట్టింది.

వంటశాలలో ఆవిడ కాక ఇంకొక్కతే ఉండేది, గిన్నెలు తోమే మనిషి. ఏం చెప్పినా "ఊఁ" తప్ప రెండో మాట రాదు గనక ఆమెకు ఊకొట్టు అని పేరు పెట్టారు పిల్లలు. "కూరగాయలు కడిగావా?" అంటే ఊఁ. "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అంటే ఊఁ. "ఏమే, నీకసలు నోరుందా?" అంటే దానికీ ఊఁయే. నడుముకు చిన్న గుడ్డమూట ఒకటి ఎప్పుడూ కట్టుకుని ఉండేది. తలనొప్పి మందు కాబోలనుకునేది గరిటమ్మ. దెబ్బలు మోగాక గంగాళం హాల్లోకి మోసుకెళ్ళడం ఊకొట్టు పని. ఆ పని ఆమె ఎప్పుడూ తీరుబడిగా, గోడ చాటున ఆగి ఆగి చేసేది. "నీ నత్తనడక పాడుగానూ!" అని గరిటమ్మ రోజూ తిట్టేది.

మనవరాలి సంగతి చెప్పలేదు కదూ. పదమూడేళ్ళది. అదే బడిలో చదువు. ఏది చూసినా "ఎందుకు?" అంటుంది. ఆ ఏడు బడిలో సైన్సు ప్రదర్శన పెడతారని తెలిసినప్పటినుంచి ఇంటి వంటగదిని వంటగదిగా ఉండనివ్వలేదు. ముందు ఒక కేకు చేసింది. కేకు ఎందుకు పొంగుతుందో చూస్తానని చేసిందట. అమ్మమ్మకు రెండు ముక్కలు పెట్టింది. ఆవిడ రెండూ తిని, "అమృతంలా ఉందే!" అంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన కూతురు ఒక్క ముక్క కొరికి సింకు దగ్గరికి పరుగెత్తింది. పంచదార బదులు ఉప్పు పడింది కేకులో!

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గరిటమ్మకు నెత్తిన పిడుగు పడినట్టయింది. "పిల్ల మనసు చిన్నబుచ్చుకుంటుందని తిన్నానే," అంది తడుముకుంటూ. మనవరాలు కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని ఆవిడ మెడ పట్టుకుని వేలాడింది. "నాకోసం ఉప్పు కేకు తిన్నావా అమ్మమ్మా!" అంది. ఇంతకంటే పాపం ఇంకోటి ఉంటుందా? గరిటమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

తర్వాతి ఆదివారం మనవరాలు ఒక బేసిన్‌లో కార్న్‌ఫ్లోర్ పోసి, నీళ్ళు కలిపి, "అమ్మమ్మా, దీన్ని గట్టిగా గుద్దు," అంది.

"చిందుతుందే, పిచ్చిదానా!"

"గుద్దు, చెప్తా."

గుద్దింది. చెయ్యి రోటికి తగిలినట్టు టక్కున ఆగిపోయింది. ఒక్క చుక్క చిందలేదు. గరిటమ్మ నోరెళ్ళబెట్టింది. "ఇప్పుడు మెల్లిగా వేలు పెట్టు." పెట్టింది. వేలు మజ్జిగలోకి దిగినట్టు అడుగుదాకా దిగిపోయింది. భయమేసి చటుక్కున లాగబోతే బేసిన్ కూడా చేత్తోపాటు లేచొచ్చింది! "ఓసి నీ దుంప తెగ! వదలదేమే ఇది?" అని కేక పెట్టింది.

"కంగారుపడితే పట్టుకుంటుంది. నెమ్మదిగా తీస్తే వదిలేస్తుంది," అంది మనవరాలు పగలబడి నవ్వుతూ. "ఎందుకంటే పిండి రేణువులు ఒక్కసారిగా నొక్కితే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఇరుక్కుపోతాయి. నెమ్మదిగా అయితే మధ్యలో నీళ్ళు జారనిస్తాయి."

ముప్ఫై ఏళ్ళు ఆ పిండితో సూపులు చిక్కపరిచిన మనిషికి ఆ పిండి ఇంత గడుసుదని అప్పుడే తెలిసింది. అయితే అసలు దిమ్మతిరిగే పని ఆ మర్నాడు జరిగింది. మనవరాలు ఊదారంగు క్యాబేజీ తరిగి, ఉడకబెట్టి, ఆ ఊదా నీళ్ళు వడగట్టి, ఆరు గాజు గ్లాసుల్లో పోసింది. ఒకదాంట్లో నిమ్మరసం పిండింది. గులాబీ రంగు! ఒకదాంట్లో వంటసోడా వేసింది. నీలం తిరిగింది. గిన్నెల సోడా వేసిన గ్లాసు ఆకుపచ్చగా మారిపోయింది. ఆ సోడాలో నిమ్మరసం పోస్తే బుస్సుమని నురగ కట్టి బల్ల మీదికి పొర్లింది.

"ఏమిటే ఈ మాయ?"

"మాయ కాదమ్మమ్మా. పులుపుంటే గులాబీ, సోడా ఉంటే నీలం, ఆకుపచ్చ. ఈ నీళ్ళకు నాలుక ఉన్నట్టే."

ఆ మాట వినగానే గరిటమ్మ ఒళ్ళు ఝల్లుమంది. గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి ఎంతసేపు చూసిందో. మర్నాటినుంచి వంటశాలలో ఆవిడ బల్ల కింద ఒక సీసా చేరింది. కొంచెం సూపు సాసర్‌లో వేసి రెండు చుక్కలు కలిపితే పులుపు ఎంతుందో రంగులో కనిపించేది. పాలు విరగబోతున్నాయేమో రంగు చెప్పేది. గ్యాసు గొట్టం అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి బుడగలు లేస్తున్నాయేమో చూడడం కూడా మనవరాలే నేర్పింది. తన ముక్కు పనిచేయదన్న సంగతి తెలిసి నేర్పిందనుకునేరు, ప్రదర్శన కోసం నేర్పింది. "మా అమ్మమ్మకు సైన్సంటే ఎంత ఇష్టమో!" అని బడి అంతా చాటింది. గరిటమ్మ నీళ్ళు నమిలేది. ఒక్క ఉప్పును మాత్రం ఆ నీళ్ళు పట్టుకోలేవు. ఉప్పు వేసినా వేయకపోయినా ఊదా ఊదాగానే ఉండేది. దానికి తన లెక్క ఉందిలే అని సరిపెట్టుకుంది.

ప్రదర్శన రోజు వచ్చింది. భోజనాల హాల్లోనే ఒక పక్కన బల్లలు వేశారు. ప్రదర్శన అవగానే ఆ బెంచీల మీదే భోజనం. పొద్దున్నే మనవరాలు వంటశాలలోకి సుడిగాలిలా వచ్చి ఉప్పు, వంటసోడా, గిన్నెల సోడా ఒక్కోటి ఒక కప్పు కావాలంది. బల్ల కింద సీసా కూడా పట్టుకెళ్ళింది, తన నీళ్ళు చాలలేదట. గరిటమ్మే డబ్బాలు మూడూ దించింది, కొలిచి పోసింది, మూతలు పెట్టింది. అంతలో కూరగాయల బండి వచ్చిందని ఎవరో కేకేశారు. చేతికందిన డబ్బా చేతికందిన చోట పెట్టేసి పరుగెత్తింది.

ఆ రోజు క్యాలీఫ్లవర్ సూపు. ఊకొట్టును బెంచీలు తుడవడానికి హాల్లోకి పిలిపించుకున్నారు. గరిటమ్మ ఒక్కతే ఉప్పు డబ్బా ఉండే చోట చెయ్యి పెట్టి డబ్బా తీసింది. అలవాటు చొప్పున చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఏమీ లేదు. ఎప్పుడుంది గనక? తడి వేళ్ళకు కొంచెం జారుడుగా తగిలింది. చెమ్మెక్కిందేమో అనుకుంది. గుంటగరిటె తలకొట్టి వేసింది. కలుపుతుంటే సూపు పసుప్పచ్చగా తిరిగింది. వెన్న వల్ల కాబోలనుకుంది. మంట కట్టేసి ఒక జగ్గు నిమ్మరసం పోస్తే బుస్సుమని నురగ లేచి అంచుదాకా వచ్చింది. "ఇంకా ఉడుకు తగ్గలేదు దీనికి," అనుకుంది. చుక్కలు వేసి చూద్దామంటే సీసా లేదు.

కళ్ళతో మూడుసార్లు చూసింది, మూడుసార్లూ ఏదో ఒక సాకు వెతుక్కుంది. భయపడే మనిషి ఇంతకంటే ఏం చేస్తుంది? చెంచా పెదాలకు తాకించి, కళ్ళు మూసుకుని తెరిచింది. ఠంగు, ఠంగు.

ఆ రోజు వడ్డించేవాళ్ళే గంగాళం హాల్లోకి మోసుకెళ్ళి, సూపు గిన్నెలు బెంచీల మీద సర్దుతున్నారు. ప్రదర్శనలో చివరి బల్ల మనవరాలిది. పెద్ద మేడం అప్పుడే కార్న్‌ఫ్లోర్ గిన్నెలో మణికట్టుదాకా చెయ్యి దించి, చిన్నపిల్లలా మురిసిపోతోంది. సైన్సు మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆఖరుది!" అంది మనవరాలు గొంతు పెంచి. ఒక కప్పు సూపు పైకెత్తింది. "ఇది మా అమ్మమ్మ ఇప్పుడే రుచి చూసి దెబ్బలు కొట్టిన సూపు. ఇందులో నిమ్మరసం ఉంది. కాబట్టి మన ఊదా నీళ్ళు ఏ రంగవుతాయి?"

"గులాబీ!" అని అరిచారు పిల్లలు.

పోసింది. ఆకుపచ్చ.

హాలంతా గొల్లుమంది. మనవరాలి మొహం పాలిపోయింది. "నీళ్ళు పాడైనట్టున్నాయమ్మాయ్," అన్నాడు మాస్టారు. "ముందే చూసుకోవాలి."

"పాడవలేదండీ." అది ఇంకో రెండు గ్లాసుల్లో ఊదా నీళ్ళు పోసింది. నిమ్మచెక్క పిండింది, గులాబీ. గిన్నెల సోడా వేసింది, ఆకుపచ్చ. సూపు గ్లాసు పక్కన పెట్టింది. రెండు ఆకుపచ్చలూ ఒక్కటే. "నా నీళ్ళు బాగానే ఉన్నాయి," అంది మళ్ళీ, ఏడుపు గొంతుతో.

వడ్డన గుమ్మంలో నిలబడి గరిటమ్మ ఇదంతా చూసింది. జారుడు, పసుపు, నురగ. మూడూ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. మొదటి బెంచీలో ఒక పసివాడు చెంచా నోటి దగ్గర పెట్టుకోబోతున్నాడు.

"తాగకండర్రా! ఒక్కళ్ళూ ముట్టుకోకండి!"

ఆ కేక హాలు గోడలకు కొట్టుకుంది. పసివాడి చేతిలో చెంచా కిందపడింది. పెద్ద మేడం ఉలిక్కిపడి చెయ్యి లాగితే కార్న్‌ఫ్లోర్ గిన్నె చేత్తోపాటు గాల్లోకి లేచింది. మరో రోజైతే ఆ దృశ్యానికి పిల్లలు దొర్లి దొర్లి నవ్వేవాళ్ళు. ఆ రోజు ఒక్కరికీ నవ్వు రాలేదు.

"ఏమైంది గరిటమ్మా?" అంది మేడం, గిన్నె వేలాడుతున్న చేత్తోనే.

బల్లి పడిందండీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత చక్కటి మాట! బల్లి పడిందంటే గంగాళం పారబోస్తారు, పిల్లలు క్షేమం, తన గరిట తన చేతిలో ఉంటుంది. ఎవరూ ఏమీ అడగరు. నోరు తెరిచింది కూడా. అప్పుడు మనవరాలు కనిపించింది. అది ఇటు చూడడం లేదు. రెండు ఆకుపచ్చ గ్లాసులూ రెండు చేతుల్లో పట్టుకుని, ఎక్కడ తప్పు చేశానా అని వాటిని మార్చి మార్చి చూసుకుంటోంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి.

"పిల్ల నీళ్ళు నిజమే చెప్తున్నాయి మేడం," అంది గరిటమ్మ. "సూపులో గిన్నెల సోడా పడింది. ఉప్పనుకుని నేనే వేశాను."

"మీరు రుచి చూశారుగా! ఇప్పుడేగా దెబ్బలు కొట్టారు!"

"కొట్టాను. రుచి చూడలేదు. నాకు రుచి తెలీదు మేడం. ఏడు నెలలైంది. ఉప్పూ తెలీదు, తీపీ తెలీదు, వాసనా తెలీదు. రోజూ ఉత్తినే కొడుతున్నాను."

మేడం గిన్నె బల్ల మీదికి దించింది. మాస్టారు కట్టుకున్న చేతులు విప్పేశాడు. మనవరాలి చేతిలో ఒక గ్లాసు జారి కింద పడి పగిలింది. అది గాజుముక్కల కేసి కూడా చూడలేదు. అమ్మమ్మ మొహంలోకే చూస్తూ, "కేకు?" అంది.

"తెలీలేదే తల్లీ," అంది గరిటమ్మ.

ఆ రోజు పిల్లలు రొట్టె, అరటిపండు తిన్నారు. గంగాళం కాలవలో పారబోశారు. మధ్యాహ్నం మేడం గదిలోకి గరిటమ్మనూ, ఊకొట్టునూ పిలిచారు. మేడం కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేదని గరిటమ్మకు అనిపించింది.

"వాసన తెలీని మనిషి చేతికి గ్యాసు పొయ్యీ, నాలుగువందల పిల్లల తిండీ ఎలా అప్పగించను? మీరే చెప్పండి."

"అప్పగించొద్దు మేడం," అంది గరిటమ్మ. గరిట తెచ్చి బల్ల మీద పెట్టింది. అది చెయ్యి వదిలాక వేళ్ళు ఏం చేయాలో తెలియక చీర కొంగు పట్టుకున్నాయి.

మేడం దానివైపు చూసి, "నాకొకటి అర్థం కావడం లేదు. ఏడు నెలల్లో ఒక్క ఫిర్యాదు లేదు. అదెలా?" అంది.

"కొలత మేడం. ముప్ఫై ఏళ్ళ కొలత." ఆ ఒక్క మాట మాత్రం తలెత్తి చెప్పింది.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఊకొట్టు నోరు విప్పింది. "ఆవిడ వండితే నేను రుచి చూస్తానండి. పొయ్యి నేనే ముట్టిస్తా, నేనే ఆర్పుతా."

గరిటమ్మ తెల్లబోయి చూసింది. మేడం బల్ల మీది గరిటను ఆవిడవైపు జరిపింది. నెల రోజులు చూద్దామంది. డబ్బాలన్నిటికీ చీటీలంటించాలంది. ఒక్క పొరపాటు జరిగినా గరిటమ్మ ఇంటికేనంది. గరిటమ్మ అన్నిటికీ తలూపింది.

ఇంటికి వెళ్తే మనవరాలు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. "నాకు కూడా చెప్పలేదు నువ్వు," అంది గోడతో. "నా క్యాబేజీ నీళ్ళు నచ్చాయన్నావు. అదీ అబద్ధమేనా?"

"అదొక్కటే నిజం. ఆ నీళ్ళు లేకపోతే నేను ఎప్పుడో చచ్చేదాన్ని." పక్కన కూచుని దాని జుట్టు నిమిరింది. అది చెయ్యి విదిలించలేదు, ఇటు తిరగనూ లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల బడి సంచీతో తిన్నగా వంటశాలకు వచ్చింది. మాట్లాడకుండా బల్లెక్కి చీటీలు రాసి డబ్బాలకు అంటించింది. ఉప్పు అన్న చీటీ ఒక్కటి కాకుండా రెండు అంటించింది. మధ్యాహ్నం భోజనాలకు ముందు మళ్ళీ వచ్చి ఒక మూల నిలబడింది. సూపు దిగింది. గరిటమ్మ తన కొలత ప్రకారం ఉప్పు వేసింది, తలకొట్టిన గుంటగరిటె, రవ్వంత అటూ ఇటూ లేదు. చెంచాడు సూపు తీసి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఇంకొకరి చేతికిచ్చింది.

ఊకొట్టు చప్పరించింది. కళ్ళు మూసుకోలేదు. వెంటనే, "ఉప్పు తక్కువక్కా," అంది.

"తక్కువేమిటే? రోజూ వేసేంతే వేశానుగా!"

"రోజూ తక్కువే అక్కా."

అంటూనే నడుముకున్న గుడ్డమూట విప్పింది. తలనొప్పి మందు కాదు. ఉప్పు. పిడికెడు తీసి గంగాళంలో వేసింది, తిప్పింది, చప్పరించింది, ఇంకో చిటికెడు వేసింది. ఏ తడబాటూ లేదు. చేతికి ఎన్నాళ్ళుగానో అలవాటైన పని అది. గోడ చాటున ఆగి ఆగి నడిచే ఆ నత్తనడకేమిటో గరిటమ్మకు అప్పటికి తెలిసొచ్చింది.

"ఎప్పట్నించే?"

"పిల్లలు కుండలకొద్దీ నీళ్ళు తాగారే, ఆ రోజునుంచి. మర్నాడు చప్పగా చేశారు. అప్పుడే అర్థమైంది."

"నాకు చెప్పొచ్చుగా!"

ఊకొట్టు సూపు కలపడం ఆపలేదు. "మీరు దెబ్బలు కొట్టేప్పుడు మీ మొహం చూశానక్కా. చెప్పలేకపోయా. నిన్న నన్ను బెంచీలు తుడవమనకపోతే ఆ సూపు కూడా గుమ్మం దాటేది కాదు."

గరిటమ్మకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "కొలత అని చెప్పానే మేడంతో! తలెత్తి మరీ చెప్పానే!" అంది. సిగ్గుతో మొహం కాలిపోతోంది. మూలనున్న మనవరాలు, నిన్నటినుంచి మొహం ముడుచుకున్న పిల్ల, ఫక్కున నవ్వేసి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాన్ని చూసి గరిటమ్మకూ ఏడుపులోనే నవ్వొచ్చింది.

"ముందు పిల్లలకు పెట్టు. భోజనాలయ్యాక ఇద్దరం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం. ఉంచితే ఉంచుతుంది, లేకపోతే లేదు," అంది. "ఏమంటావు?"

"ఊఁ," అంది ఊకొట్టు.

గరిటమ్మ గరిట తుడిచి ఆమె చేతిలో పెట్టింది. ఊకొట్టు భయం భయంగా మూత మీద తట్టింది. పక్కగదిలోకి కూడా వినపడి ఉండదు.

"గట్టిగా కొట్టవే! రుచి చూసింది నువ్వేగా!"

రెండో దెబ్బకు బడిలో పాఠాలన్నీ ఆగిపోయాయి.